తేలిన మడమ

పోయింది, నిజంగానే పోయింది, మొన్నమొన్నటిదాకా మీద లారీ నడిచినా కిక్కురుమనని నది మీది మంచుగడ్డ, ఇవాళ చూద్దామంటే ముక్క లేదు, ఒడ్డున మాత్రం గోడలంత మంచు పలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పడున్నాయి, వాటి మధ్య మారెత్ తమ్ముడు ఆస్లక్ గడ్డపారతో కొట్టి చేసిన చిన్న రేవు, ఆ రేవులో నీళ్ళు, కదిలే నీళ్ళు, అబ్బ, నీళ్ళు కదలడం ఇంత బాగుంటుందని ఎవరికి తెలుసు! హిల్కా చేతులు రెండూ చంకల్లో దూర్చుకుని నిలబడింది, నిలబడిందనే గానీ కాళ్ళు ఒక్కచోట ఉంటేగా, రబ్బరు బూట్లలో వేళ్ళు వాటంతటవే గెంతుతున్నాయి. డెబ్భై దాటిన దానివి, పైగా సాక్షివి, కాస్త సాక్షిలా నిలబడవే అని తనని తానే కసురుకుంది. ఎక్కడో కోకిల కూస్తోంది, అవతలి ఒడ్డున నార్వే వాళ్ళకి ఇవాళ పండగ, బడిపిల్లలు జెండాలు పట్టుకుని డప్పు కొడుతూ తిరుగుతున్నారు, ఆ డప్పు నీళ్ళ మీదుగా వచ్చి తిన్నగా గుండెలో పడుతోంది. ఎండ చూడు, ఎండ, రాత్రి కూడా పోలేదు, పరదాకి దుప్పటి కుట్టుకున్నా సందుల్లోంచి దూరి మొహం మీద కూచుంది. నిద్రపోయిందెవరు గనక? తౌనో కూడా పోలేదు, పోయినట్టు నటించాడు, నలభై ఏళ్ళ పైన కాపురం చేసినదానికి ఆ మాత్రం తెలీదా, నిజంగా నిద్రపోతే గురక పెట్టాలి కదా ఆ మనిషి.

రేపు పొద్దున బండెక్కాలి. అదీ అసలు సంగతి. చర్చి సంఘం సువార్త చెప్పమని ఈ ఉత్తరపు కొసకి వాళ్ళిద్దర్నీ పంపించిన గడువు అయిపోయింది, రేపు ఇల్లు తుడిచి తాళం ఆస్లక్ చేతిలో పెట్టి దక్షిణాదికి, రౌమాకి, తమ ఇంటికి, అక్కడ ఆపిల్ చెట్లు ఈపాటికి మొగ్గలేసుంటాయి. వచ్చినందుకు కాచిన కాయ ఒక్కటే, మారెత్. ఆ ఒక్క కాయనీ బాప్తిస్మానికి నీళ్ళలో ముంచాలంటే నది గడ్డ వదలాలి, నది చూస్తే మొండికేసి కూచుంది. మే నెల వచ్చినప్పటి నుంచీ రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర ఇద్దరూ మోకాళ్ళేసి, ప్రభువా ఆ గడ్డ తీసెయ్యి, ప్రభువా ఆ గడ్డ తీసెయ్యి. ఆస్లక్ ఊరుకుంటాడా, "ఏమయ్యా తౌనో, ఎర్ర సముద్రాన్ని చీల్చినాయన మా తేనో నది దగ్గర తేలిపోయాడేంటి? మా పాస్టరైతే గుళ్ళో వెచ్చగా నిలబెట్టి నెత్తిన మూడు చుక్కలేసి పంపేస్తాడు, ఆ దేవుడూ ఈ దేవుడూ ఒకడే కదా" అని రోజూ గేటు దగ్గర దెప్పేవాడు. రోవనియెమిలో సంఘానికి మందిరం ఉంది, అందులో గోరువెచ్చని నీళ్ళ తొట్టి ఉంది, పొద్దున బయల్దేరితే సాయంత్రానికి వెళ్ళొచ్చు, తనే ఆ మాట మారెత్‌తో అంది. "తొట్టిలోనా? నేనేమన్నా ఉప్పుచేపనా తొట్టిలో ఊరేయడానికి? ఈ ఒడ్డున పుట్టాను, ఈ నీళ్ళు తాగాను, ఇందులోనే ముంచండి, లేకపోతే మానెయ్యండి" అంది ఆవిడ. మానెయ్యండంటే ఎలా మానేస్తారు! ఇక చూసుకో, అడిగిన దేవుడు అడిగినట్టే మొన్న అర్ధరాత్రి ఎండలో ఫిరంగులు పేలినట్టు ఒకటే మోత, ఇద్దరూ రాత్రి బట్టల మీదే బయటికి పరిగెత్తారు, గడ్డ మొత్తం విరిగి, మూలుగుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ కొట్టుకుపోతోంది, తౌనో పైజమాలోనే చేతులెత్తి వెళ్ళు వెళ్ళు వెళ్ళు అని అరుస్తున్నాడు, పశువుల్ని తోలినట్టు.

అదిగో వస్తున్నాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, మీద ఆస్లక్ రెయిన్‌డీర్ తోలుకోటు, పెళ్ళికొడుకులా ఉన్నాడు, కాదులే, పెళ్ళికొడుకు తాతలా ఉన్నాడు. నవ్వొచ్చింది హిల్కాకి, వెంటనే భయమూ వచ్చింది, రెండూ ఒకే తలుపులోంచి వచ్చాయి. కిందటేడు ఆకు రాలే కాలంలో మారెత్ ఇంటి ముందు కట్టెలు కొడుతూ కూలబడిపోయాడు, అంబులెన్సు, హెలికాప్టరు, గుండెలో స్టెంటు. ఇంటికి వెళ్ళిపోండి అంది సంఘం. వెళ్ళిపోదామా అంది తను. ఆ కట్టెలు సగమే కొట్టాను కదే అన్నాడు ఆయన, అంతే, ఇక ఆ మాట ఎత్తలేదు ఎవరూ. మంచు కాలమంతా ముసలాళ్ళ ఇళ్ళ కప్పుల మీద మంచు తోసేవాడు, ఎక్కొద్దంటే నిచ్చెన నన్ను పట్టుకుంది నేనేం చేయను అనేవాడు. మొన్న డాక్టరమ్మ చెవులకి గొట్టం పెట్టుకుని చాలాసేపు విని, చల్లనీళ్ళలోకా, మీకేమన్నా మతి పోయిందా అని, మళ్ళీ ఆయన మొహం చూసి, ఒక్కసారి, ఒక్క మునక, వెంటనే బయటికి, వెంటనే వెచ్చగా, రెండోసారి అన్నారో నేను ఒప్పుకోలేదని గుర్తుపెట్టుకోండి అంది. ఆ మాట తనవైపు చూసి అంది. ఆడవాళ్ళకి తెలుసు ఎవరితో చెప్పాలో. అప్పట్నుంచీ తౌనో స్నానాల గదిలో బకెట్టు నిండా మంచునీళ్ళు పట్టుకుని మోకాళ్ళ దాకా కాళ్ళు పెట్టి నిలబడటం, అలవాటు చేసుకుంటున్నాట్ట, పైగా పాటొకటి. పళ్ళు టకటకలాడుతూ పాడిన కీర్తన దేవుడికి ఎలా వినిపించిందో పాపం.

"చలిగా ఉందా?" అంది.

"వేడిగా ఉందే, కోటు తీసేయనా?" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

ఒక్క మునక. ఒక్క మునకేగా, ఎంతసేపు, బెంగెందుకు. అంతా సరిచూసుకుంది కదా తను. వాళ్ళ సంఘంలో చుక్కలు చల్లితే చెల్లదు, మనిషి మొత్తం మునగాలి, జుట్టు కొస దగ్గర్నుంచి బట్ట అంచు దాకా, ఒక్క వేలు పైకి తేలినా మళ్ళీ ముంచాల్సిందే, అది చూడటానికే చెరో పక్కా ఇద్దరు సాక్షులు. ఇన్నేళ్ళూ ఆ పని మగవాళ్ళదే, ఆడవాళ్ళ పనల్లా తువ్వాలు పట్టుకుని నిలబడటం, ఈ మధ్యనే ఆడవాళ్ళూ నిలబడొచ్చని చెప్పారు, అందుకే గదా ఈ గెంతులు, జీవితంలో మొదటిసారి హిల్కా సాక్షి! అవతలి పక్క రెండో సాక్షి రోవనియెమి నుంచి వచ్చిన కాలెర్వో గారు, జిల్లా పెద్ద, మంచాయన, మెడకి మూడు చుట్లు మఫ్లరు, కళ్ళద్దాల మీద ఆవిరి. మారెత్ తెల్ల గౌను తనే కుట్టింది, నీళ్ళలో గౌను గొడుగులా లేస్తుందని అంచులో మారెత్ చేపల వల సీసపు గుళ్ళు తీసి వరసగా పెట్టి కుట్టింది, కిందటి వారం వంటింట్లో పరుపు పరిచి రిహార్సల్ కూడా చేశారు, తౌనో ఆవిడ వీపు కింద చెయ్యేసి వెనక్కి వాల్చడం, ఆవిడ పరుపు మీద పడి లేవలేక నవ్వడం, "ఒసే హిల్కా, నీ మొగుడు మా ఆయన ఊలా కంటే మెల్లిగా పడేస్తాడే" అని కళ్ళు తుడుచుకుంటూ. అంతా చూసుకుంది. గౌను, గుళ్ళు, జడకి పిన్నులు, తువ్వాళ్ళు, పొయ్యి మీద వేణ్ణీళ్ళు.

వేణ్ణీళ్ళు, అదొక కథ. మొదటి చలికాలం ఏ తలుపు తట్టినా లోపల్నుంచి ఒకటే మాట, కాఫీ? తాగమమ్మా, మా సంఘంలో తాగం. మరి ఎందుకొచ్చారు? నిజంగానే అర్థం కాక అడిగేవాళ్ళు, తలుపు తోసుకుని వచ్చిన మనిషి కాఫీ తాగకుండా ఏం చేస్తాడు ఈ ఊళ్ళో, ఎక్కడ కూచుంటాడు, చేతులేం చేసుకుంటాడు. మారెత్ ఒక్కతే వాళ్ళని ఎగాదిగా చూసి, రెండు కప్పుల్లో వేణ్ణీళ్ళు పోసి, చిత్తడినేలల్లో కాసే పసుప్పచ్చ పళ్ళ జామ్ చెరో చెంచాడు వేసి, కూచోండి అంది. హిల్కాకి బల్ల దగ్గర కుర్చీ, తౌనోకి కట్టెల పెట్టె. పొయ్యి పక్కన జింకతోలు పరిచిన కుర్చీ ఒకటి ఖాళీగానే ఉంది, తౌనో అటు వెళ్ళబోతే, "అక్కడ కాదు, అది ఊలాది" అంది. ఊలా ఎక్కడికెళ్ళాడమ్మా అని అడిగాడు ఈ అమాయకుడు. చచ్చిపోయాడు, పదేళ్ళయింది, అయితే ఏం, కుర్చీ ఆయనదే కదా అంది. రెండు చలికాలాలు తౌనో ఆ కట్టెల పెట్టె మీదే కూచున్నాడు, ప్యాంట్లు అన్నిటికీ వెనక చీలికలే, కుట్టలేక చచ్చింది తను.

ఒకనాడు, మంచు తుఫానులో కరెంటు పోయి దీపం పెట్టుకుని కూచున్నప్పుడు, ఆవిడే అడిగింది, మీ సంఘంలో చచ్చిపోయిన మొగుడు మళ్ళీ దొరుకుతాడంటారట, నిజమేనా, నిజం చెప్పు, నాకు పాస్టరు మాటలొద్దు.  దొరుకుతాడు అన్నాడు తౌనో, ఒక్క మాట, ఇంకేం కలపలేదు. మారెత్ దీపం వొత్తి సరిచేసి, అయితే చేయాల్సినవన్నీ చెప్పు, ఒక్కటి కూడా వదలకు, సగం సగం చేసి దారి తప్పానంటే నాకు వెతుక్కోవడం చేతకాదనుకుంటాడు ఊలా అంది. చేయాల్సినవాటిలో కాఫీ మానడం ఉంది. నదిలో మునగమంటే ఇప్పుడే మునుగుతా, కాఫీ మానమంటే మాత్రం మీ దేవుడికి జాలి లేదే అని మూడు రోజులు తలకి గుడ్డ కట్టుకుని మూలిగింది, చివరికి నల్లబడ్డ ఆ కాఫీ కెటిల్ తీసుకెళ్ళి ఆస్లక్ గుమ్మంలో పెట్టేసి వచ్చింది, బిడ్డని అత్తారింటికి పంపినట్టు వెనక్కి చూస్తూ.

వచ్చింది! మంచు పలకల మధ్యలోంచి తెల్ల గౌనులో మారెత్, తల మీద ఎర్ర శాలువా, పక్కన ఆస్లక్ చెయ్యి పట్టుకుని, సీసపు గుళ్ళు రాళ్ళకి తగిలి టిక్కు టిక్కు మంటున్నాయి, ఎనభై దగ్గరి మనిషి, ఎంత ఠీవి, ఏం నడక! శాలువా తీసి హిల్కా మెడలో వేసి, "సరిగ్గా చూడు. ఒక్కటి తప్పకూడదు" అంది. అలాగే అక్కా అంది హిల్కా. ఎందుకో ఏడుపు, ఎందుకో నవ్వు. తౌనో కోటు తీసి ఆస్లక్‌కిచ్చి నీళ్ళలో కాలు పెట్టాడు. ఒక్క శబ్దం రాలేదు ఆయన నోట్లోంచి. మోకాళ్ళు, తొడలు, నడుము, అయ్యో, నడుము దాకా వెళ్ళగానే భుజాలు చెవుల దాకా లేచాయి, మారెత్ మాత్రం ఆవిరిగదిలోంచి ఏటా మంచు బొక్కలో దూకే మనిషి, పెరట్లో తిరుగుతున్నట్టు వెళ్ళిపోయింది. అవతలి ఒడ్డు డప్పు ఆగింది. తౌనో కుడిచెయ్యి ఎత్తాడు, మాటలు పలికాడు, గొంతు గట్టిగానే ఉంది, నా బంగారం, గట్టిగానే ఉంది, వాల్చాడు, ఆవిడ ఎర్రటి మొహం నీళ్ళ కింద ఒక్క క్షణం తెల్లగా కనిపించింది, జడ మునిగింది, చేతులు మునిగాయి, గౌను మునిగింది, అంచు మునిగింది, అమ్మయ్య, అప్పుడు ప్రవాహం ఎడమ కాలిని ఎత్తింది, మడమ, గులాబీ రంగు మడమ, నీళ్ళ మీద, ఎండలో మెరిసి, మునిగింది.

లేపాడు. మారెత్ ఊపిరి గట్టిగా పీల్చుకుని నవ్వింది, ఆస్లక్ చప్పట్లు కొట్టాడు, కాలెర్వో గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ తలూపాడు, "బ్రహ్మాండం, బ్రహ్మాండం, సరిగ్గా మునిగారు" అన్నాడు.

మడమ. ఎవరూ చూడలేదు. తను తప్ప ఎవరూ చూడలేదు, ఆ పక్క నుంచి కనపడదు, కనపడదు కాబట్టే గదా ఈ పక్కన ఇంకొకళ్ళని నిలబెట్టేది, ఓరి దేవుడా, చిన్న మడమ, రెండు వేళ్ళంత మడమ, అది కూడా లెక్కేనా నీకు, సముద్రాలు సృష్టించినవాడివి, ఒక మడమ పట్టుకుని కూచుంటావా? తౌనో పెదాలు నీలంగా ఉన్నాయి. వాల్చేముందు అలా లేవు, ఇప్పుడు ఉన్నాయి. ఒక్క మునక, రెండోసారి అన్నారో నేను ఒప్పుకోలేదు, తనవైపు చూసి అంది డాక్టరమ్మ, తనవైపు చూసి సరిగ్గా చూడు అంది మారెత్, అందరూ తనవైపే చూసి చెప్తారేం? నోరు మూసుకుంటే చాలు, బాగుంది అంటే చాలు, తలూపితే చాలు, తౌనో బయటికొస్తాడు, దుప్పట్లు, పొయ్యి, రేపు బండి, ఆపిల్ చెట్లు, తన మొగుడు తనకి. మరి ఆవిడ మొగుడు? ఖాళీ కుర్చీ, జింకతోలు, పదేళ్ళు. దారి తప్పితే నాకు వెతుక్కోవడం చేతకాదనుకుంటాడు ఊలా. దేవుడు మడమ పట్టించుకోడేమో, పట్టించుకోకపోవచ్చు, మారెత్ పట్టించుకుంటుంది, అడిగింది ఆవిడ, శాలువా మెడలో వేసి మరీ అడిగింది, ఆ శాలువా ఇంకా వెచ్చగా ఉంది. తన మొగుణ్ణి కాపాడుకోవడానికి ఇంకొకావిడ మొగుడి దారి మీద అబద్ధం పెడుతుందా హిల్కా? పెడుతుంది, ఎందుకు పెట్టదు, పెడుతుంది, ఆ నీలం పెదాలు చూస్తే ఎవరైనా పెడతారు. అసలు ఈయన రాడేం? రావయ్యా, బయటికి రా, నడుము దాకా నీళ్ళలో ఏం చేస్తున్నావు? అప్పుడు చూసింది. తౌనో కదల్లేదు. ఆస్లక్ కోటు చాపినా కదల్లేదు, కాలెర్వో గారి బ్రహ్మాండం విన్నా కదల్లేదు, మారెత్ వీపు మీద చెయ్యి తీయకుండా, గడ్డం వణుకుతూ, తనవైపే చూస్తున్నాడు, ఇన్నేళ్ళ కాపురంలో ఆ చూపు ఎన్నిసార్లు చూడలేదు, వంటలో ఉప్పు చూశావా అన్నట్టు, తలుపు గడియ వేశావా అన్నట్టు, నువ్వు చెబితే ఇక నేను లేచి చూడక్కర్లేదు అన్నట్టు.

"మడమ తేలింది" అంది హిల్కా. గొంతు తనది కాదన్నట్టు పెద్దగా వచ్చింది. "ఎడమ మడమ. నేను చూశాను."

"సిస్టర్, నాకైతే..." అని కాలెర్వో గారు మొదలెట్టి, ఆవిడ మొహం చూసి, కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. "పోనీ నేను దిగుతానండీ, తౌనో గారు సాక్షిగా నిలబడతారు, ఆయనకి గుండె..."

"నువ్వెవరివయ్యా? నా ఇంటి కప్పు మంచు తోశావా?" అంది మారెత్ నీళ్ళలోంచి. తర్వాత తౌనో మొహంలోకి చూసింది, చూసి, నవ్వు ఆపేసి, మెల్లిగా, "తౌనో, నువ్వెళ్ళు. ఆయన్నే రానీ. ఊలా ఏమీ అనుకోడు" అంది.

"క-కట్టెలు సగంలో వదిలేసి పోయే అలవాటు లేదు నాకు" అన్నాడు తౌనో. "హిల్కా, కాలు ఎలా ఆగుతుంది?"

ఎలా ఆగుతుందా? ఎలా ఆగుతుందో ఆలోచించేలోపే హిల్కా నీళ్ళలో ఉంది. బూట్లలోకి నీళ్ళు దూకాయి, కాళ్ళని ఎవరో కత్తులతో పట్టుకున్నట్టు, అమ్మో అమ్మో అమ్మో అని ఒక్కో అడుక్కీ ఒక్కో కేక, లంగా బుడగలా లేచింది, వెనక ఆస్లక్, "ఈ ముసిలాళ్ళకి పిచ్చెక్కిందిరా బాబోయ్!" అని నవ్వుతూనో ఏడుస్తూనో అరుస్తున్నాడు. వెళ్ళింది, తౌనో మోచెయ్యి పట్టుకుంది, రాయిలా ఉంది, బూటు కొసతో మారెత్ ఎడమ పాదం వెతికి మెత్తగా తొక్కి పట్టింది. ఊఁ, కానీ అంది. తౌనో చెయ్యెత్తాడు, మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి గానీ ఒక్కటి తప్పలేదు, తను లోలోపల వెంటే పలుకుతూ లెక్క చూసుకుంది, వాల్చాడు, మొహం, జడ, చేతులు, గౌను, అంచు, పాదం, తన బూటు కింద ఆ పాదం కదులుతోంది, బతికున్న చేపలా కదులుతోంది, పైకి మాత్రం నీళ్ళే, ఉత్త నీళ్ళే, ఎండ మెరిసే నీళ్ళే.

"మునిగింది!" అని అరిచింది హిల్కా. "మునిగింది! మొత్తం మునిగింది!" నది దాటి వెళ్ళింది ఆ అరుపు, అవతలి ఒడ్డు పిల్లలకి ఏమర్థమయిందో జెండాలు ఊపి ఓ అని కేకలేసి డప్పు అందుకున్నారు. ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఒడ్డుకి ఎలా వచ్చారో, ఎవరు ఎవర్ని లాగారో తెలీదు, తౌనో మీద కోటు, కోటు మీద దుప్పటి, దుప్పటి మీద ఆస్లక్, ఎత్తుకున్నంత పని చేసి మారెత్ ఇంట్లోకి మోసుకొచ్చాడు.

పొయ్యి ఎర్రగా మండుతోంది. హిల్కా ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టి కూచుంది, కొట్టుకుంటోంది, వేగంగా, మొండిగా, కొట్టుకుంటోంది, కాసేపటికి పెదాల మీద నీలం పోయి ఎరుపు తిరిగింది, అప్పుడు గానీ ఆవిడకి తన బూట్లలో ఇంకా సగం నది ఉందని తెలియలేదు. తౌనో ఒక కన్ను తెరిచాడు. "పైకి తేలుతున్నప్పుడు ఆ మడమ నా మోకాలికి తగిలిందే" అన్నాడు.

"తెలిస్తే మరి నువ్వే చెప్పొచ్చుగా!" అంది, కొట్టేటంత కోపంగా.

"సాక్షివి నువ్వు కదా."

 ఏడ్చింది, నవ్వింది, ఆయన తడి చెవి పట్టుకుని మెలేసింది. లోపల్నుంచి మారెత్ పొడి బట్టలు కట్టుకుని, తడి జడ తువ్వాలులో చుట్టుకుని వచ్చింది, చేతిలో పళ్ళెం, కాలెర్వో గారితో కలిపి నాలుగు కప్పులు, వేణ్ణీళ్ళు, పసుప్పచ్చ జామ్, ఐదో కప్పు ఆస్లక్‌కి, తన ఇంటి నుంచి వాడే తెచ్చుకున్న కాఫీ, ఆ కప్పు మాత్రం ఇచ్చేముందు ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి ఇచ్చింది. అప్పుడు చూసింది ఆవిడ. హడావిడిలో ఆస్లక్ తౌనోని తెచ్చి ఎక్కడ పడేశాడో ఎవరూ చూసుకోలేదు, పొయ్యి పక్కన, జింకతోలు కుర్చీలో. తౌనోకి కూడా అప్పుడే తెలిసింది, కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు, దుప్పట్లు జారాయి, కట్టెల పెట్టె ఎక్కడా అని చుట్టూ చూశాడు.

"కూచో" అంది మారెత్, భుజం మీద చెయ్యేసి నొక్కుతూ. "వాడుకో. ఇక ఎలాగూ ఊలా కనిపిస్తాడుగా, అప్పుడు నేను చెప్పుకుంటాలే."